సాయంత్రం తాతయ్య డబ్బా

జూన్ తొమ్మిదో తారీఖు ఉదయం ఓవర్సీరు గారు రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు తిన్నారు. ఇన్నాళ్ల తర్వాత కూడా ఆ సంగతి ఆయనకు గుర్తుండటానికి కారణం ఉంది. ఆ ఇంట్లో ఒకరి నోట్లోకి ఇంకొకరు తొంగిచూడకుండా సాగిన ఆఖరి ఫలహారం అదే.

ఆనాటి పథకం చిన్నదే. మనవరాలి బళ్లో పళ్ల డాక్టరమ్మ పెద్దవాళ్లతో మాట్లాడబోతోంది. పిల్ల రోజూ ఏం తింటుందో, ఏం తాగుతుందో నిజాయితీగా తెచ్చి బల్ల మీద పెట్టమని ముందే కబురు పంపింది. మనవరాలికి నాలుగేళ్లు. అందరూ పిచ్చుక అంటారు. దాని ముందుపళ్ల మీద గోధుమరంగు మచ్చలు తేలాయి. ఆ మచ్చలకు కారకుడెవరో ఓవర్సీరు గారికి తెలుసు. రుజువొక్కటే తక్కువ.

కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళితే, మధ్యాహ్నం బడి వేళ దాకా పిచ్చుక ఈయన దగ్గర ఉంటుంది. బడి వదిలాక పక్కవీధిలో ఉండే కోడలి తండ్రి తీసుకెళతాడు. ఆయన రిటైరైన రైలు గార్డు. అందుకని పిచ్చుకకు ఈయన పొద్దున తాతయ్య, ఆయన సాయంత్రం తాతయ్య. భార్య పోయాక ఓవర్సీరు గారికి ఉదయాలు మరీ పొడుగైపోయాయి. పిచ్చుక పుట్టాకే వాటికి మళ్లీ ఒక కొలత వచ్చింది.

అలాంటి పిచ్చుక బడి దగ్గర దింపితే వెనక్కి తిరిగి చూడదు. అదే పిల్ల సాయంత్రం గార్డుగారు కనపడితే చాలు, చెప్పులు వదిలేసి మరీ పరుగెడుతుంది. ఎదురుగా ఉన్న మందుల షాపులో దగ్గుమందు కొంటున్నట్టు నిలబడి ఓవర్సీరు గారు ఈ దృశ్యం చాలాసార్లు చూశారు. దగ్గు లేదు గానీ గుండెల్లో మంట మాత్రం నిజం.

"ఆ తాతయ్య నీకేం పెడతాడే?" అని ఒకరోజు బతిమాలారు.

"చెప్పకూడదు. ఆయన దగ్గర నీలం డబ్బా ఉంది. మూత తీస్తే భలే ఉంటుంది" అంది పిచ్చుక, నోరు రెండు చేతులతో మూసుకుని.

ఇంకేం కావాలి? డబ్బా, రహస్యం, నోరు. చాక్లెట్లు కాక చదువు దాచుకుంటాడా అందులో?

ఆ ఉదయం కొడుకూ కోడలూ పిచ్చుకను తీసుకుని బడికి బయల్దేరారు. ఓవర్సీరు గారు తన సంచి పట్టుకుని పక్కవీధికి తిరిగారు. గార్డుగారి తలుపు తీసే ఉంది. స్నానాలగదిలో నీళ్ల చప్పుడు. కిటికీ గట్టు మీద నీలం డబ్బా. ఎత్తి ఊపితే లోపల టకటకమంది. "చప్పరించే రకం! అన్నిటికన్నా చెడ్డది" అనుకుని సంచిలో వేశారు.

"బావగారూ, నేను ముందు నడుస్తున్నా!" అని కేకేశారు. లోపలి నుంచి ఏదో గొణుగుడు వినిపించింది.

బళ్లో చిన్న కుర్చీల్లో పెద్ద మనుషులు మోకాళ్లు గడ్డాలకు ఆనించి కూర్చున్నారు. పిల్లలు ఓ మూల చాప మీద ఆడుకుంటున్నారు. కాసేపటికి గార్డుగారు రొప్పుతూ వచ్చి, నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని వెనక వరసలో కూలబడ్డారు.

"ఏమైంది నాన్నా?" అని కూతురు అడిగితే తల అడ్డంగా ఊపారు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకున్నారు ఓవర్సీరు గారు. ఆ ఆనందంలో తన వంతు రాకముందే లేచి నిలబడ్డారు.

"డాక్టరమ్మా! మా పిల్లకు పొద్దున పూట అందేది అమృతం. ఇదిగో, నా చేత్తో పిండిన పండ్లరసం. ఇదిగో, తేనె కలిపిన పాలు. ఇక సాయంత్రం పూట అందేది..." అని అందరివైపూ ఒకసారి చూసి, "వద్దనుకున్నా గానీ, పసిదాని పళ్లకంటే మొహమాటం ఎక్కువా?" అంటూ డబ్బా మూత తీసి బల్ల మీద బోర్లించారు.

గులాబిరంగు చిగుళ్లతో రెండు వరసల పళ్లు జారి వచ్చి, డాక్టరమ్మ వైపు తిరిగి నవ్వుతూ ఆగాయి.

ముందు వరసలో ఒకావిడ కెవ్వుమంది. చాప మీద నుంచి పిచ్చుక చప్పట్లు కొట్టింది. "సాయంత్రం తాతయ్య పళ్లు! టకటక ఆడించు తాతయ్యా!"

గార్డుగారు నెమ్మదిగా లేచి వచ్చారు. డాక్టరమ్మ ముందున్న గ్లాసులో తన ఆస్తి ముంచి, గోడవైపు తిరిగి, పెట్టుకుని, ఇటు తిరిగారు.

"ఇల్లంతా వెతికాను బావగారూ. మంచం కింద దూరాను కూడా. మీ దగ్గరే ఉన్నాయన్నమాట, సంతోషం" అన్నారు. అందులో వెటకారం వెతికినా దొరకలేదు. అదే ఓవర్సీరు గారికి ఎక్కువ గుచ్చుకుంది.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి పాలసీసా చేతిలోకి తీసుకుంది. "ఈ పాలు పాప ఎప్పుడు తాగుతుందండీ?"

"ఉదయం కునుకు తీసేటప్పుడు. సీసా నోట్లో ఉంటేనే నిద్రపోతుంది, పాపం."

"మరి రసం?"

"కథ చెబుతున్నంతసేపూ కాస్త కాస్త చప్పరిస్తుంది. చక్కెర చుక్క వెయ్యనమ్మా, ఒట్టు!"

"తేనె కూడా చక్కెరే బాబాయిగారూ. పండును పిండితే అందులోని తీపి నీళ్లలా బయటికొస్తుంది. ఎంత తాగిందన్నదాని కంటే ఎన్నిసార్లు తాగిందన్నదే ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లో పులుపు పుట్టి పన్నును కొరుకుతుంది. మధ్యలో విరామం ఇస్తే ఉమ్మి ఆ దెబ్బను మాన్పుతుంది. మీ కథ పొడుగునా విరామం ఎక్కడిది? ఇక పాలు నోట్లో పెట్టుకుని నిద్రపోతే, ఉమ్మి కూడా నిద్రపోయినట్టే. పండు ముక్క కోసి పెట్టండి, దాహమైతే మంచినీళ్లివ్వండి. పాలు గ్లాసుతో, మెలకువలో."

గదిలో చాలామంది తల్లులు తమ సంచుల్లో సీసాలను మెల్లగా అడుగుకు తోసేశారు. ఓవర్సీరు గారు మాత్రం తేలుకుట్టిన దొంగలా నిలబడ్డారు.

కొడుకు గొంతు సవరించుకున్నాడు. "నాన్నా, పోనీ కొన్నాళ్లు పొద్దున పూట కూడా పిచ్చుకను మామయ్యగారి దగ్గరే..."

ఓవర్సీరు గారు చాప మీదున్న పిచ్చుక వైపు చూశారు.

"నా దగ్గరా? భలేవాడివయ్యా అల్లుడూ!" అన్నారు గార్డుగారు. "రాత్రి పడుకోబోయే ముందు పిల్లకు పెద్దవాళ్లే పళ్లు తోమాలంట, బయట బోర్డు మీద రాసుంది. నావి గ్లాసులో వేసి కడుక్కునే పళ్లు. నేను దానికేం నేర్పను? నోట్లో పళ్లుండగా తోముకునే మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నా ఆయనే చూసుకోవాలి, రాత్రి తోమేదీ ఆయనే."

కోడలు మామగారి వైపు చూసి, "సీసా బదులు గ్లాసు నేను కొనుక్కొస్తాలెండి మామయ్యగారూ" అంది. కొడుకు తలూపాడు.

దారిలో ఓవర్సీరు గారు, "బావగారూ, క్షమించాలి" అన్నారు.

"ఎందుకండీ? నా పళ్లకు ఇంత సభ ఎప్పుడు దొరికింది?" అన్నారు గార్డుగారు. వియ్యంకుడు తిట్టి ఉంటే ఎంత బాగుండేది! మంచితనంలో కూడా ఆయనదే పైచేయి అయిపోయింది.

ఆ రాత్రి పిచ్చుకను స్టూలు మీద నిలబెట్టి, గడ్డం పట్టుకుని, ఓవర్సీరు గారు ఒక్కొక్క పాలపన్నూ తోమారు. అది బుద్ధిగా నోరు తెరిచే ఉంచింది. పుక్కిలించి ఉమ్మేశాక, "ఇప్పుడు నీవి తియ్యి" అంది.

"నావి రావే తల్లీ."

నమ్మలేదు. రెండు వేళ్లతో ముందుపన్ను పట్టుకుని బలంకొద్దీ లాగింది. తర్వాత ఆయన చెంప నిమిరి, "పోనీలే తాతయ్యా, ఏడవకు. పెద్దయ్యాక నీకూ తియ్యడం వస్తుంది" అని ఓదార్చి, భుజం మీదే నిద్రలోకి జారింది. సీసా లేకుండా అలా జారడం అదే మొదటిసారి.

పడుకోబెట్టి, దుప్పటి కప్పి, తలుపు చప్పుడు కాకుండా మూశారు. వసారాలో ఎవరూ లేరని అటూ ఇటూ చూసుకుని, బొటనవేలితో ముందుపన్నును ఒకసారి కదిపి చూశారు.

దిక్కుమాలిన పన్ను, రాయిలా ఉంది.