నికార్సైన కొత్త యూజరు

మనిషికి స్వేచ్ఛ ఇవ్వడం తేలిక. ఏ సీడీలో పెట్టి ఇవ్వాలో తేల్చడమే కష్టం. విండోస్‌కు బదులు కంప్యూటర్‌లో ఉచితంగా వేసుకునే లినక్స్‌ను కొత్తవాళ్లకు అందించాలని 1999లో చిక్కడపల్లిలో వెలసిన ‘సులభ లినక్స్ ఎంపిక సంఘం’ ఈ సత్యాన్ని పదకొండు సమావేశాల్లో నిరూపించింది.

సంఘాధ్యక్షులు వీరరాఘవరావు గారు, అశోక్‌నగర్ నివాసి, రిటైరైన ఆఫీసరు. సంఘానికి తొమ్మిదిమంది సభ్యులు, ఒక నియమావళి, ఒక రబ్బరు ముద్ర ఉన్నాయి. లేనిదల్లా కొత్త యూజరే. అందుకే నారాయణగూడలో జాబ్ టైపింగ్ చేసే కుసుమ వచ్చి తలుపు తట్టగానే సంఘం యావత్తూ లేచి నిలబడింది.

కుసుమ బాధ కంప్యూటర్ వైరస్. పాలమూరు వలస కూలీల చరిత్ర మీద పిహెచ్‌డి రాస్తున్న కురుమయ్య థీసిస్‌లో మిగతా అధ్యాయాలు ప్రింటయ్యాయి గానీ, నాలుగో అధ్యాయాన్ని అది రెండుసార్లు మింగేసింది. శుక్రవారంలోగా థీసిస్ ఇవ్వకపోతే అతని ఆరేళ్ల కష్టం చెల్లదు.

“లినక్స్‌ల వైరస్ గోల లేదంట గద సార్. జర పెట్టియ్యుండ్రి,” అంది కుసుమ.

“తప్పకుండా అమ్మా. ముందు ఈ దరఖాస్తు నింపండి,” అన్నారు అధ్యక్షులు.

ఆరు పేజీలు. తొమ్మిదో ప్రశ్న: మీ మానిటర్ ఫ్రీక్వెన్సీ ఎంత? ‘రోజూ, పొద్దున పదింటి నుంచి’ అని రాసింది కుసుమ. సంఘం పులకించిపోయి ‘నికార్సైన కొత్త యూజరు’ అని ముద్ర గుద్దింది. (ముద్ర ఏడాదిగా ఖాళీగా ఉంది.)

యూజరుకు దగ్గరగా ఉండాలన్న నియమం ప్రకారం చర్చలు కుసుమ గదిలోనే జరిగాయి. కుర్చీలు సభ్యులకు సరిపోయాయి, యూజరు నిలబడింది. ఉన్న రెండు రకాల లినక్స్‌లలో, ఎక్కించేటప్పుడు ప్రశ్నలు అడిగేదే సులువని ఎర్ర సీడీ వర్గం, నోరు మూసుకుని పని చేసేదే సులువని నీలం సీడీ వర్గం సోమవారమంతా వాదించుకున్నాయి. మంగళవారం ‘సులువు’ను నిర్వచించడానికి ఉపసంఘం వేశారు. పని కష్టంగా ఉందని బుధవారం ఉపసంఘం శనివారం దాకా గడువు కోరింది.

గురువారం పొద్దున్నే చేతిరాత కాగితాలు పట్టుకుని కురుమయ్య వచ్చాడు.

“రేపే ఆఖరు అక్కా. ఈ నాలుగో అధ్యాయంల ఉన్నది మా నాయిన ముచ్చటే. అది లేకుంటే నేను థీసిస్ ఇయ్య.”

కుసుమ కాగితాలు అందుకుని పక్కన పెట్టింది. సభ్యులు మరచిపోయిన ఎర్ర సీడీని కంప్యూటర్‌లో పెట్టింది. కాసేపటికి తెర మీద ప్రశ్న వచ్చింది: డిస్కులో ఉన్నదంతా చెరిపేయమంటారా?

“అక్కా, ఆగు!”

“వైరస్ అడగకుంటనే చెరిపింది. ఇది నయమే, మర్యాదకు అడుగుతున్నది,” అంటూ కుసుమ ‘ఎస్’ నొక్కింది.

తరవాతి ప్రశ్నలన్నీ చదివింది. అర్థమైనవాటికి జవాబిచ్చింది, కానివాటిని తెర చెప్పినట్టే వదిలేసింది. (నియమావళిలో ఈ పద్ధతి లేదు.) భోజనాల వేళకు లినక్స్ సిద్ధమైంది. కురుమయ్య చదువుతుంటే సాయంత్రానికల్లా నాలుగో అధ్యాయం టైపయింది. వాళ్ల నాయిన పేరును అతను రెండుసార్లు చదివాడు. కుసుమ దాన్ని ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది. శుక్రవారం మూడింటికి థీసిస్ యూనివర్సిటీకి చేరింది. నాలుగింటికి కురుమయ్య జిలేబీలతో వచ్చాడు.

శనివారం సంఘం వచ్చింది. వీరరాఘవరావు గారు తెర చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

“ఎవరు పెట్టారమ్మా?”

“నేనే సార్. అది అడిగింది, నేను చెప్పిన. అయిపోయింది.”

సంఘం అక్కడే అత్యవసరంగా సమావేశమైంది. అనుమతి లేకుండా నేర్చుకున్నందున కుసుమ కొత్త యూజరు హోదాను రద్దు చేసి, కొత్త యూజరు కోసం ప్రకటన విడుదల చేసింది. ప్రకటనను కుసుమే తప్పుల్లేకుండా టైపు చేసి ఇచ్చింది. అర్హత ఒక్కటే: అభ్యర్థికి తెర మీద ఉన్నది చదివే అలవాటు ఉండరాదు.