మైనస్ నాలుగింటికి టిఫిను

ఆ ఉదయం లెక్కల మాస్టారు వేసుకున్న ప్లాను చాలా సులువైనది. మధ్యాహ్నం రెండింటికి హెర్నియా ఆపరేషన్, మర్నాటికి ఇంటికి. ఆపరేషన్‌కు ముందు ఆరు గంటలు కడుపు ఖాళీగా ఉండాలన్నారు. అంటే ఎనిమిది దాకా తినవచ్చు. అందుకే భార్య చేత టిఫిను డబ్బా కూడా ఆసుపత్రికి తెప్పించుకున్నారు.

ఆయన రిటైరై చాలా కాలమైనా అందరూ ఇప్పటికీ పోనీలే మాస్టారనే పిలుస్తారు. ఎక్కాలు రాని పిల్లాడు కనిపిస్తే "ఫోనుంది కదా, పోనీలే" అనేవారు. తీసివేతలు తలకిందులుగా చేసినా "పోనీలే పాపం" అని పాస్ మార్కులు వేసేవారు. బడికి నూటికి నూరు శాతం ఫలితాలు, ఆయనకు పతకం. దయ పేరు చెప్పి బద్ధకాన్ని పంచిపెట్టడంలో ఆయనకు సాటి లేరు.

నర్సు ఆయన్ని చూడగానే పొంగిపోయింది. "మాస్టారూ! మీరు లేకపోతే నేను పదో తరగతి గట్టెక్కేదాన్నా?"

"సంతోషం తల్లీ. ఇప్పుడు నేను తినొచ్చా?"

ఆమె ఫోను తీసి లెక్క వేసింది. "రెండులోంచి ఆరు పోతే... మైనస్ నాలుగు. అయ్యో, మీరు మైనస్ నాలుగింటికే తినేయాల్సిందండీ!"

"మైనస్ నాలుగేమిటమ్మా! ఎనిమిది దాకా తినొచ్చు. ఇప్పుడింకా పావు తక్కువ ఎనిమిదే. ఆ గడియారం చూడు."

"ఆ ముళ్లదా? అది గోడకి అందం కోసం పెట్టిందండీ."

అనుమానం తీర్చుకోవడానికి పెద్ద నర్సు దగ్గరికి పరుగెత్తింది. మైనస్ అంటే నిన్న అని తేల్చుకుని వచ్చేసరికి ఎనిమిది దాటింది. మాస్టారు చేసేది లేక డబ్బా మూత పెట్టేశారు.

పదకొండింటికి కబురొచ్చింది, ఆపరేషన్ సాయంత్రం ఆరింటికి మార్చారని. మాస్టారి ప్రాణం లేచొచ్చింది. ఇంకో గంట దాకా తినవచ్చు. నర్సు మళ్లీ ఫోను తీసింది.

"ఆరులోంచి ఆరు పోతే సున్నా. సున్నా అంటే ఏమీ తినకూడదు మాస్టారూ." డబ్బా కూడా పట్టుకుపోయింది.

"ఈ పిల్లకి మీరెన్ని మార్కులేశారండీ?" అని అడిగింది భార్య.

మాస్టారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

సాయంత్రం ఆపరేషన్ గదిలో బల్లమీద పడుకోబెట్టాక, మత్తుమందు కోసం బరువు రాసుకోవడానికి ఇద్దరు సహాయకులు వచ్చారు.

"అరవై కిలోలు," అన్నారు మాస్టారు నీరసంగా.

"అరవై అంటే సిక్స్టీయా, ఎయిటీయా?" అన్నాడు ఒకడు.

"ఎయిటీ అనుకుంటా," అన్నాడు రెండోవాడు.

"గొడవెందుకు? మధ్యలో సెవెంటీ వేసేద్దాం."

మాస్టారికి ఆకలి చచ్చి భయం పుట్టింది. నిజమైన చావు భయం. బల్ల దిగి వరండాలోకి ఒకటే పరుగు.

"ఏమండీ! ముందా గౌను వెనక ముడులు కట్టుకోండి!" అని అరిచింది భార్య.

"ప్రాణమే జారిపోతుంటే ముడులేమిటే!"

ఎదురుగా వస్తున్న మత్తు డాక్టరు ఆయన్ని చెయ్యి పట్టుకుని ఆపాడు. సంగతంతా విని సహాయకులను చెడామడా తిట్టాడు. తనే తూకమెక్కించి బరువు చూశాడు. ఫోను ముట్టుకోకుండా, నోట్లో గొణుక్కుంటూ మందు మోతాదు కాగితంమీద గుణించాడు. మాస్టారికి కళ్లు చెమర్చాయి. ఈ రోజుల్లో కూడా ఇలాంటివాడొకడు ఉన్నాడు! చంటిపిల్లాడిలా వెళ్లి బల్లమీద పడుకున్నారు.

"నన్ను గుర్తుపట్టలేదా మాస్టారూ?" అన్నాడు డాక్టరు సూదిమందు ఎక్కిస్తూ. "మూడో బెంచీ. గుణకారం బాగానే చేసేవాణ్ణి. చివర్లో పాయింటు మాత్రం ఎక్కడ పడితే అక్కడ పెట్టేవాణ్ణి."

మాస్టారు లేవబోయారు. కాళ్లు మాట వినలేదు.

"సార్," రెండో సూదిలోకి మందు తీయబోతూ, కాగితం చూసి అడిగింది నర్సు, "ఇక్కడ పాయింటు ఆరు తర్వాతా, సున్నా తర్వాతా?"

డాక్టరు మాస్టారి వైపు ఎంతో ఆప్యాయంగా చూశాడు.

"పాయింటే కదా, పోనీలే."