ఆరు పళ్ల శివాజీ

ఆ ఆదివారం ఉదయం మోతెలో లెక్కల మాస్టరు శివాజీ సార్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, టిఫిన్ కూడా ముట్టకుండా వాకిట్లో నిలబడ్డాడు. ఇన్నేళ్ల సర్వీసులో తనకెవరూ ఒక్క శాలువా కప్పలేదన్న మంట ఆయనలో ఎప్పటినుంచో ఉంది. ముందురోజు కోదాడ నుంచి సంపత్ అనే అతను ఫోన్ చేసి, "మోతె శివాజీకి రేపు మా గ్రౌండులో సన్మానమండీ, బండి పంపుతున్నాం," అని పెట్టేశాడు. భార్య యమున పట్టుచీర తీసింది.

వచ్చింది సరుకులు మోసే డీసీఎం వ్యాను. వెనక గడ్డి పరిచి ఉంది.

"సన్మానానికి గిదా బండి?" సార్ డ్రైవర్ మీద లేచాడు.

"నాకు పేరొక్కటే చెప్పిన్రు. శివాజీని పైలంగా తీస్కరమ్మన్నరు."

"నేనే శివాజీని. నడువు."

ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కున్నారు. దారిలో డ్రైవర్‌కు సంపత్ ఫోన్ చేశాడు. డ్రైవర్ సార్ వైపు తిరిగాడు.

"పొద్దున ఉలవలు తిన్నరా అని అడుగుతున్నరు."

"ఏం తినలేదని చెప్పు. గడ్డి మాత్రం పంపిన్రని గూడ చెప్పు."

డ్రైవర్ చెప్పాడు. అవతలి మాట విని, మెల్లగా తలుపు వైపు జరిగాడు.

"ఏమంటున్నడు?" యమున అడిగింది.

"ఆకలైతే పొడుస్తడట, దగ్గరికి పోవద్దన్నడు."

కోదాడ చేరేదాకా సార్ పళ్లు కొరుకుతూనే ఉన్నాడు. గ్రౌండు ముందు పెద్ద ఫ్లెక్సీ. అందులో కొమ్ములకు రిబ్బన్లు కట్టిన నల్లటి ఎద్దు. కింద 'బండలాగుడు పోటీల్లో ఆరు పళ్ల ఎడ్ల విభాగం విజేత, ఆరు పళ్ల శివాజీకి ఘన సన్మానం' అని ఉంది.

సంపత్ పరుగెత్తుకొచ్చి ఖాళీ డీసీఎంలోకి తొంగిచూశాడు. "శివాజీ ఎక్కడండీ?"

"ముప్పై రెండు పళ్ల శివాజీని నీ ముంగటనే ఉన్న," అన్నాడు సార్.

సంపత్ ఫోన్ తీసి నంబరు చూసుకున్నాడు. మోతెలో ఎవరినో శివాజీ నంబరు అడిగితే, వాళ్లు సార్ నంబరిచ్చారు. యమున చెయ్యి పట్టుకుని ఆపుతున్నా వినకుండా సార్ స్టేజీ ఎక్కి మైకు లాక్కున్నాడు.

"బండ గుంజితే శాలువా. పిల్లలకు లెక్కలు చెప్తే ఏమున్నది? ఆ ఎద్దుకు నా పేరు పెట్టినోడెవడో రమ్మనుండ్రి."

సరిగ్గా అప్పుడే ఎద్దు యజమాని లచ్చిరాం, పోటీల రోజే పంపుతామన్న బండి రాలేదన్న కోపంతో, ఎద్దును కిరాయి ట్రాలీలో తెచ్చి దింపుతున్నాడు. మైకులో గొంతు వినగానే అతని కోపం దిగిపోయింది. పలుపు వదిలేసి, చేతులు కట్టుకుని స్టేజీ ముందుకొచ్చాడు.

"నేనే సార్. మీ దగ్గర సదువుకున్న లచ్చిరాంని."

"నా పేరే దొరికిందా నీకు?"

"పట్టింది ఇడిసిపెట్టదు సార్, అందుకే పెట్టిన. మూడుసార్లు ఫెయిలైన నన్ను పాసయ్యేదాక మీరు ఇడిసిపెట్టిన్రా? రోజు మా ఇంటికొచ్చి కూసోలేదా?"

తిట్టడానికని ఎత్తిన మైకును సార్ దించేశాడు. తిట్టలేకపోవడం ఆయనకు ఇంకా కోపం తెప్పించింది. లచ్చిరాం స్టేజీ ఎక్కి, ఎద్దు కోసం తెచ్చిన శాలువాను సార్ భుజాల మీద కప్పాడు. దండ ఎద్దు మెడలో పడింది. ఫొటోగ్రాఫర్ సార్‌నూ ఎద్దునూ పక్కపక్కన నిలబెట్టాడు.

మర్నాడు పేపర్లో ఆ ఫొటో కింద ఇలా ఉంది: 'సన్మానం అందుకున్న శివాజీ. శాలువాతో దాని యజమాని.'