కుటుంబానికి ఒక్క చూపు

సెయింట్ ఒర్సోలా ద్వీపంలో చూసినకొద్దీ ప్రకృతి అరిగిపోతుంది గనక, అక్కడి పర్యాటక శాఖవారు కుటుంబానికి ఒక్కరే చూడాలని నిబంధన పెట్టారు. మిగతావాళ్లు సామాన్ల దగ్గర గోడవైపు తిరిగి కూర్చోవాలి. ఇందులో నోరు వెళ్లబెట్టాల్సిందేమీ లేదు. కరీబియన్ సముద్రంలో అదో చిన్న దీవి, ఉన్న నాలుగు అందాల మీదే దాని బతుకు. మొన్నటికి మొన్న ఒక పెద్ద ఓడ నిండా జనం దిగి, అగ్నిపర్వతాన్ని పొద్దుట్నుంచి సాయంత్రందాకా గుడ్లప్పగించి చూసి వెళ్లారు. ఇప్పుడది మోకాలెత్తు ఉంది. పొగ మాత్రం, పాపం, యథాప్రకారం వస్తోంది.

తణుకు నుంచి వెళ్లిన బృందం ఈ నిబంధన విని ఏమీ ఇబ్బంది పడలేదు. గుడికెళ్తే చెప్పుల దగ్గర ఒకరుండటం వాళ్లకు అలవాటే. ఎవరు చూడాలి, ఎవరు కూర్చోవాలి అన్న చర్చ కూడా రాలేదు. భర్తలు ముందుకు నడిచారు, భార్యలు సంచులు అందుకున్నారు. కరెంటాఫీసులో రిటైరైన సూరిబాబు అందరికంటే ముందున్నాడు. ఆయన భార్య మంగతాయారు సామాన్ల షెడ్డులో గోడకెదురుగా కూర్చుంది.

సూరిబాబు పగడపు దిబ్బలు చూసొచ్చి, "చేపలేనే, రంగురంగులవి" అన్నాడు. కుతకుత ఉడికే చెరువు చూసొచ్చి, "అబ్బే, వేణ్ణీళ్లు" అన్నాడు. మంగతాయారు తలూపింది. ఆవిడ ప్రాణమంతా జలపాతం మీదే. కాపురానికొచ్చిన నాటినుంచీ వీధి కుళాయి సన్నధార కింద బిందెలు పెట్టిన మనిషి. ఎవరూ ఏమీ పట్టక్కర్లేకుండా అన్నేసి నీళ్లు ఊరికే పడుతుంటే ఒక్కసారి కళ్లారా చూడాలని ఆవిడ కోరిక. అంతదూరం విమానమెక్కిందే అందుకు.

జలపాతం రోజున ఆవిడ నోరు విప్పింది.

"ఏవండీ, ఇదొక్కటీ నేను చూస్తానండీ."

"చూడవే, నేనేమన్నా వద్దన్నానా? ఎప్పుడడిగావు గనక!" అని సూరిబాబు సంచులన్నీ తన ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మంచివాడే.

గేటు దగ్గర ఎలోయిజ్ అనే అధికారిణి ఉంది. తెలుగువాళ్ల తాకిడి ఎక్కువైందని శాఖవారు ఆమెకు తెలుగు నేర్పించారు.

"అమ్మా, మీకు ఒక చూపు మంజూరైనది. కళ్లు మూసుకుని మెట్లు ఎక్కవలెను. తెరవగానే దేనిమీద పడితే అదే మీ చూపు."

మంగతాయారు కళ్లు గట్టిగా మూసుకుని, ఎలోయిజ్ చేయి పట్టుకుని ఎక్కింది. పైన తుంపర మొహాన పడింది. హోరు చెవుల్లోంచి గుండెల్లోకి దిగింది. ఆవిడకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. ఇక రెప్పలెత్తడమే తరువాయి.

"తాయారూ! నా బీపీ మాత్ర ఏ సంచిలో పెట్టావే?"

ఆవిడ చటుక్కున వెనక్కి తిరిగి, కిందున్న షెడ్డువైపు కళ్లు తెరిచింది.

"నీలం సంచండీ! ఆ జిప్పు కాదు, పక్కది!"

నీలం సంచి అక్కడికక్కడే కాస్త రంగు వెలిసింది. ఎలోయిజ్ టికెట్టు మీద చూపు వాడబడినట్టు ముద్ర కొట్టి, మర్యాదగా ఆవిడ కళ్లకు గంతలు కట్టింది.

"అయ్యో, నేను చూళ్లేదమ్మా! ఇంకొక్కసారి... నీ పుణ్యముంటుంది!" మంగతాయారు రెండు చేతులూ జోడించింది.

"నిబంధన ఒప్పుకోదమ్మా. అయినా మీరు బాధపడరాదు. ఈ దీవిలో చెక్కుచెదరనిది ఈ జలపాతం ఒక్కటే. ఇక్కడికి మేము ఆడవారినే పంపుతాము. మీరు అడగకపోయినా మిమ్మల్నే పిలిచేదాన్ని. ఏ దేశమైనా సరే, రెప్పలెత్తే సమయానికి వెనకనుంచి ఎవరో ఒకరు పిలుస్తారు."

మంగతాయారు గంతల కిందుగా కళ్లు తుడుచుకుంది.

"మళ్లీ ఎప్పుడన్నా రావచ్చా అమ్మా?"

"తప్పక రండి. మీవంటివారు ఎంతమంది వచ్చినా దానికేమీ కాదు."

తన గురించి అంత గౌరవంగా ఎవరైనా మాట్లాడి ఎన్నాళ్లయిందో ఆవిడకు గుర్తు రాలేదు. చేయి పట్టి దింపుతుంటే బుద్ధిగా దిగింది.

బస్సు కదిలాక సూరిబాబు, "ఎలా ఉందే?" అన్నాడు.

"ఇసుమంత కూడా అరగలేదండీ" అంది మంగతాయారు, కాస్త గర్వంగానే.