చివరి ఇంటికి సిగ్నలు

ఆదర్శ కాలనీలో చివరి ఇంటిదాకా సిగ్నలు అందాలంటే ఆడవాళ్లు ఇంట్లో మాట్లాడే మాటల సైజు తగ్గించాలని కవరేజి శాఖ ఉత్తర్వు పంపినప్పుడు, శేషారత్నం అట్లపిండి రుబ్బుతూ ఉంది. గ్రైండరు ఆపకుండానే, తడి చెయ్యి చీరకి తుడుచుకుని సంతకం పెట్టింది.

ఆ చివరి ఇల్లు వాళ్లదే. చీరాల శివార్లలో, టవరుకి అందీ అందని చోట ఉంది. ఆమె భర్త పూర్ణచంద్రరావు సహకార బ్యాంకులో రిటైరై కాలనీ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. డాబా ఎక్కి నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే తప్ప ఆయన మాట ఫోనులో ఎవరికీ చేరేది కాదు. అధ్యక్షుడికి అది నామోషీగా ఉండేది.

శాఖ తరఫున వచ్చిన ఇన్‌స్పెక్టరు ప్రభుదాసు మర్యాదస్తుడు. చెప్పులు గేటు దగ్గరే విడిచి వచ్చి ఓపిగ్గా వివరించాడు. గాలిలో తిరిగే మాటలు రెండు రకాలు. విషయం ఉన్నవి అసలు మాటలు. ఎవరు ఎప్పుడు లేవాలో, రావాలో, వినాలో చెప్పేవి నడిపించే మాటలు. నడిపించే మాట ముందు వెళ్లి చేరితేనే అసలు మాటకి దారి దొరుకుతుంది. అది పొడుగైతే దూరం వెళ్లేసరికి చెదిరిపోతుంది. పొట్టిదైతే ఉన్న బలమంతా దాని మీదే పడి చివరిదాకా చేరుతుంది.

"నీళ్లు తగ్గిస్తే కాఫీ చిక్కబడినట్టేనమ్మా," అన్నాడు ఆమె ఇచ్చిన కాఫీ అందుకుంటూ.

నడిపించే మాటలు ఎక్కువగా వంటిళ్లలోనే పుడుతున్నాయని సర్వేలో తేలింది. లేవండి, గీజరు కట్టేయండి, బీపీ మాత్ర వేసుకోండి, గేటు వేసి రండి. మగవాళ్లు మాట్లాడేవి దాదాపు అన్నీ అసలు మాటలేనని నమోదైంది. ఈ సంగతికి పూర్ణచంద్రరావు ఏమీ ఆశ్చర్యపోలేదు.

మొదటి విడతలో "ఏమండీ, టిఫిను చల్లారిపోతోంది, పేపరు తర్వాత చూసుకోవచ్చు, రండి" అనేదాన్ని "టిఫిను"గా కుదించారు. ఫోనులో సిగ్నలు గీత ఒకటి పెరిగింది. రెండో విడతలో "టి" మాత్రమే మిగిలింది. ఇంకో గీత పెరిగింది. ఆపైన ప్రభుదాసు చిక్కులో పడ్డాడు. అక్షరం కన్నా చిన్న మాట ఆయనకి తెలియదు. దారి చూపించింది శేషారత్నమే.

"మా అత్తగారి రోజుల్లో ముందుగదిలో పరాయి మగాళ్లుంటే ఆడోళ్లు బయటికొచ్చేవాళ్లు కాదండి. తలుపు గొళ్లెం ఒకసారి చప్పుడు చేస్తే మావగారు లేచొచ్చేవాడు."

"ఎందుకు పిలిచారో ఆయనకి ఎట్టా తెలిసేదమ్మా?"

"తెలిసేది కాదండి. ఆయన ఏదో ఒకటి అనుకునేవాడు. ఆయన అనుకున్నదే జరిగేది."

ప్రభుదాసు లేచి నిలబడి ఆమెకి నమస్కారం పెట్టాడు. వినేవాడు ఎలాగూ ఊహించుకునేదాన్ని గాలిలో పంపడం దండగ. ఇన్నాళ్లూ శాఖ వెతుకుతున్నది ఆ సూత్రమే.

అప్పటినుంచి కాలనీలో ఆడవాళ్ల మాటలు పూర్తిగా ఎత్తేసి, ప్రతి వంటింటికీ ఒక గొళ్లెం బిగించారు. పొద్దున మోగితే కాఫీ, మధ్యాహ్నం మోగితే భోజనం, సాయంత్రం మోగితే కూరగాయల సంచీ. చివరి ఇంట్లో ఫోను నిండా గీతలు వెలిగాయి. పూర్ణచంద్రరావు పడకకుర్చీలోంచి కదలకుండా దేశం గురించి మాట్లాడగలుగుతున్నాడు.

శేషారత్నానికి ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడం రొమ్ములో గట్టిగా గోలీకాయంత తగిలింది. గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లమని భర్తకి చెప్పాలి. ఎవరికీ ఏమీ అక్కర్లేని వేళ చూసి గొళ్లెం చప్పుడు చేసింది. ఆయన వచ్చి, టీ కాబోలనుకుని బల్ల ముందు కూర్చున్నాడు. ఆమె టీ పెట్టింది. మర్నాడు రెండుసార్లు మోగించింది. ఆయన వెళ్లి గేటు తీసి, ఎవరూ లేరని వేసి వచ్చాడు. రాసి చూపించినా మాట్లాడినట్టేనని ఉత్తర్వులో ఉంది. ఆమె ఆటో ఎక్కి కవరేజి ఆఫీసుకి వెళ్లింది. అక్కడ విన్నవించుకోవడానికి మాటలకి మినహాయింపు ఉంది.

"వినేవాళ్లకి ముందే తెలిసిన సంగతికే ఈ పద్ధతమ్మా," అన్నాడు ప్రభుదాసు, నిజంగానే బాధపడుతూ. "మీవారికి ఒకసారి విడమరిచి చెప్పండి. ఆపైన గొళ్లెం చాలు."

"విడమరిచి చెప్పొచ్చా మరి?"

"చెప్పకూడదమ్మా. అది ఎత్తేశాంగా."

నెల తిరిగాక ఒక ఆదివారం పూర్ణచంద్రరావు ఫోనులో కాలనీ సంఘం మీటింగు నడుపుతూ, శాఖకి ధన్యవాదాలు చెబుతున్నాడు. శేషారత్నం వంటింట్లోంచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, నా రొమ్ములో గడ్డ లేచింది, నెల దాటింది, పెరుగుతంది, నాకు భయంగా ఉంది, గుంటూరు తీసుకెళ్లండి."

గీతలన్నీ పడిపోయాయి. తెర మీద సభ్యులు నోళ్లు తెరిచినవాళ్లు తెరిచినట్టే ఆగిపోయారు. పూర్ణచంద్రరావుకి వాక్యం పొడవు వినిపించింది. అందులో గడ్డ వినిపించలేదు.

"ఏంది రత్నం, నువ్వే ఇట్టా చేస్తే ఎట్టా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఎదురింటి నాంచారయ్య అప్పటికే గేటు దగ్గర ఉన్నాడు. "అధ్యక్షుడి ఇంట్లోనే ఇట్టా ఉంటే మా ఆడోళ్లకి ఏం చెప్పమంటావు బావా? మా ఇంటావిడ చూడు, పన్ను పీకించుకోని వచ్చినా నాకు తెలియలా."

ఆమె లోపలికి వెళ్లింది. కాసేపటికి గీతలు వచ్చాయి.

వేసవి వెళ్లాక, గడ్డ నిమ్మకాయంత అయ్యాక, ఒకరోజు ఆయనకి అన్నం వండి మూతపెట్టి ఆమె ఒక్కతే గుంటూరు బస్సెక్కింది. గుంటూరులో మాటలకి ఇంకా లెక్క పెట్టలేదు. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ అడిగింది. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారమ్మా? ఇంట్లో చెప్పలేదా?"

"ఒకసారి చెప్పానండి," అంది శేషారత్నం.

ఆమెని చేర్చుకుని ఆసుపత్రివాళ్లు ఫోను చేస్తే చివరి ఇంట్లో మొదటి పిలుపుకే అందింది. ఒక్క మాట తెగలేదు. పూర్ణచంద్రరావు దొరికిన బస్సెక్కి వచ్చి మంచం పక్కన కూలబడ్డాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఒక్క మాట నాతో అనకూడదా రత్నం?"

పక్క మంచం దగ్గర పొన్నూరు నుంచి వచ్చినతను భార్యని అదే అడుగుతున్నాడు. కిటికీ పక్క మంచం దగ్గర ఇంకొకతను. వార్డులో ఆడవాళ్లెవరూ మాట్లాడడం లేదు. అక్కడ సిగ్నలు చాలా బాగుంది.

పూర్ణచంద్రరావు కళ్లు తుడుచుకుని అక్కగారికి వీడియో కాల్ కలిపి, ఫోను శేషారత్నం వైపు తిప్పాడు. "చూడక్కా, నీ మరదలు. కనపడతందా?"

"కనపడకేం, ఎదురుగా ఉన్నట్టే ఉంది. మనిషి బాగానే ఉందిగా," అంది అక్కగారు.

కాల్ తెగిపోకూడదని శేషారత్నం నోరు గట్టిగా మూసుకుని, ఫోను వైపు చూసి నవ్వింది.