వాన రుజువయ్యే దాకా

ప్రపంచంలో ఇంతవరకు చిల్లిగవ్వ కూడా నష్టపోని వ్యాపారం ఒకే ఒక్క రకం: ఇంకా మొదలుపెట్టనిది. అలాంటి సంస్థ ఒకదానికి మా అన్నయ్య వ్యవస్థాపక అధ్యక్షుడు.

మా వదిన టైలర్ షాపులో కుట్టుపని చేస్తుంది. బడి పిల్లల సంచులకు వాన తొడుగులు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముకుంటే, ఆ షాపు యజమాని సణుగుడు తప్పించుకుని ఇంట్లోనే తన మిషను తాను తొక్కుకోవచ్చని ఆమె ఆశ. నమూనా కుట్టింది, ఫొటో తీసింది, పేజీ కూడా సిద్ధం చేసింది.

"వానలు మొదలయ్యేలోపు తెరిచేద్దామండీ," అంది.

"తెరుద్దాం. కానీ కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని తెరుద్దాం," అన్నాడు అన్నయ్య. (ఆయన ఉద్యోగం బీమా ఆఫీసులో. ఇంకా జరగని ప్రమాదాల గురించి ఆలోచించినందుకు జీతం తీసుకుంటాడు.)

ఆ సాయంత్రమే భోజనాల బల్ల దగ్గర ముందుజాగ్రత్త మండలి ఏర్పడింది. అమ్మ భయాల విభాగానికి శాశ్వత సభ్యురాలు. నేను తల ఊపే సభ్యుణ్ణి. వదినకు సభ్యత్వం ఇవ్వలేదు. లాభం ఆశించేవారు నిష్పాక్షికంగా ఉండలేరని నియమావళి చెబుతోంది (నియమావళి అన్నయ్యే రాశాడు).

వాన పడుతుందనడానికి ఆధారమేమిటని మండలి మొట్టమొదట అడిగింది. పోయిన ఏడాది పడిందిగా, అంది వదిన. పోయిన ఏడాది ఫలితాలు ఈ ఏడాదికి హామీ కావని అధ్యక్షులవారు సెలవిచ్చారు. పైగా తొందరపడి కొన్నవాళ్లు రేపు తిట్టుకుంటారని, పేజీలో 'కొనండి' అన్న బటన్ తీయించి 'బాగా ఆలోచించుకోండి' అని పెట్టించారు.

అయినా ఒక మహాతల్లి ఆ బటన్ నొక్కింది. పక్క వీధి బడిలో టీచరట. తరగతి మొత్తానికి తొడుగులు కావాలట. వదిన ముఖం వెలిగిపోయింది.

"ముక్కూ మొహం తెలియని మనిషి! అన్నెందుకట?" అంది అమ్మ, తన విభాగం తరఫున.

"తరగతి అంతా ఒకేసారి తడుస్తుందా? నమ్మేలా లేదు," అన్నాడు అన్నయ్య.

టీచరుకు ప్రశ్నలు పంపాం. గొడుగులున్న పిల్లలెందరు, లేనివారెందరు, ఇదివరకు ఎవరైనా తడిసి ఉంటే దానికి ధ్రువపత్రం ఉందా అని. "వద్దులెండి, వేరేచోట చూసుకుంటాను" అని జవాబొచ్చింది.

"చూశావా? మోసగాళ్లే ఇలా జారుకుంటారు," అని అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు వదిన షాపు నుంచి ఆలస్యంగా వచ్చి, చేతివేళ్లు నొక్కుకుంటూ కూర్చునేది. నాకు చాలా జాలేసింది. అయితే మండలిలో జాలికి విభాగం లేదు.

ఒక ఉదయం వాన పడింది. మండలి యావత్తూ బాల్కనీలోకి వచ్చింది. అన్నయ్య చెయ్యి చాపి, తడిసిందని ధ్రువీకరించాడు. కింద బడి పిల్లలు బారుగా పోతున్నారు. ప్రతి సంచికీ నీలం తొడుగు, పసుపు అంచు. అచ్చం వదిన నమూనాయే.

"అంటే గిరాకీ ఉందన్నమాట!" అన్నాడు అన్నయ్య సంబరంగా. "ఎవరు కుట్టారో గానీ పని శుభ్రంగా ఉంది."

"నేనే," అంది వదిన చెప్పులేసుకుంటూ. "ఆ టీచరు చివరికి మా షాపుకే వచ్చింది. మా యజమాని ఒక్కటే అడిగాడు, ఎప్పటికి కావాలని."

వాన పడటం, తొడుగులు అమ్ముడుపోవడం రెండూ రుజువయ్యాయి గనక వచ్చే ఏడాది విషయం తప్పక పరిశీలిద్దామని, ఈలోగా ఉద్యోగం మాత్రం వదలొద్దని అధ్యక్షులవారు సూచించారు. నేను తల ఊపాను.

వదిన తడుస్తూ షాపుకు వెళ్లింది. మా సంస్థ ఈ ఏడాది కూడా ఏ నష్టమూ లేకుండా గట్టెక్కింది.