గుడ్డుకు తగిన పన్ను

ఈస్టర్‌కు ముందు శనివారం పొద్దున్నే రాదివోయ్ పెట్టుకున్న పని ఒక్కటే: భార్య దేసంక రంగులద్దిన గుడ్ల బుట్ట ముందేసుకుని, ఒక్కో గుడ్డునూ పంటికి తట్టి, గుడ్డుకు గుడ్డు కొట్టి పగలగొట్టే రేపటి పోటీకి గట్టిదాన్ని ఏరుకోవడం. గట్టి పెంకు సన్నగా పలుకుతుంది, పలచటి పెంకు బొంగురుగా. ఆ తేడా రాదివోయ్ పన్నుకు తెలిసినట్టు బానాత్ సీమ మొత్తంలో మరే పన్నుకూ తెలియదని పేరు. దానికి జడిసి ఊళ్ళో కోళ్ళు నాసి గుడ్లు పెట్టడం మానేశాయంటారు. సగం నమ్మినా చాలు.

కాకపోతే ఆ పన్ను ఇప్పుడు లేదు. మనవరాలి బాప్తిస్మం ఫోటోలో నోరు బాగుండాలని దేసంక పోరితే, చలికాలమంతా డాక్టరమ్మ విదోసవ ఆయన నోటిని పునాదుల దాకా తవ్వి, దవడల్లో మరలు దిగేసి, పైనా కిందా తెల్లటి పింగాణీ పళ్ళు నిలబెట్టింది.

మొదటి గుడ్డు తట్టాడు. టింగుమంది. రెండోదీ టింగే. బుట్టంతా టింగే. ఈ యేడు మన కోళ్ళు ఇనుము మేశాయనుకుని పొంగిపోయి, తిన్నగా ఊరి సారాకొట్టు కఫానాకు వెళ్ళి, రాకియా గ్లాసు ఎత్తి, పంతా అనే పాత ప్రత్యర్థితో అందరి ఎదుటా మీసాల పందెం కాశాడు. ఓడినవాడు అక్కడే గొరిగించుకోవాలి. రాదివోయ్ వంశంలో మగవాడి పై పెదవిని ముత్తాత కాలంనుంచీ ఎవరూ చూసి ఎరగరు.

ఇంటికొచ్చి, చిట్లిందని దేసంక పక్కన పెట్టిన గుడ్డును ఊరికే తట్టాడు. అదీ టింగుమంది.

"ఒసే, పలుకుతున్నవి గుడ్లు కాదే, పళ్ళు," అన్నాడు కుర్చీలో కూలబడి.

"నాకేసి చూడకు. నావీ ఆ డాక్టరమ్మ కట్టినవే."

ఇక అరువు పన్ను తప్ప దారి లేదు. పక్కింటి మిలుంకను పిలిచి, సంగతి చెబితే పరువు పోతుందని ఊరికే నోరు తెరవమని, గుడ్డుతో తట్టాడు. బంగారు తొడుగు, లాభం లేదు. ఆవిడ వీధిలోకి పోయి, వైద్యం చేయించుకుంటూనే రాదివోయ్ డాక్టరమ్మ విద్యంతా పట్టేశాడనీ, గుడ్డుతో తట్టి ఏ పన్ను పుచ్చిందో చెబుతున్నాడనీ, దినార్ కూడా తీసుకోవడం లేదనీ చాటింది. మధ్యాహ్నానికి గేటు దాకా జనం. కొందరైతే కట్టుడు పళ్ళు ఊడదీసి బల్ల మీద పెట్టి, సాయంత్రం వచ్చి పట్టుకెళతామని వెళ్ళిపోయారు.

అందరికంటే వెనక, చెంప వాచిపోయి, పంతా.

"పందెం పందెమే రా. ముందు ఈ నొప్పి ఏ పంటిదో చెప్పి పుణ్యం కట్టుకో."

"కళ్ళు మూసుకో. నోరు తెరువు."

ముందు వరసలో ఒక పన్ను ఉంది. పొగాకు రంగులో, మొండిగా, అచ్చు తన పాతదానిలాగే. రాదివోయ్‌కు ప్రాణం లేచొచ్చింది. బుట్టెడు గుడ్లూ దానికే తట్టాడు. అన్నీ బొంగురే. అడుగున మిగిలిన ఎర్ర గుడ్డు మాత్రం తీగ మీటినట్టు పలికింది.

"ఇంకా ఎంతసేపురా?" అని మూలిగాడు పంతా.

"ఓర్చుకో. వైద్యమంటే మాటలా?"

మర్నాడు చర్చి ముంగిట ఆ ఎర్ర గుడ్డు పంతా గుడ్డు నెత్తి పగలగొట్టింది. పంతా మీసం రాలింది. ఇన్నేళ్ళూ దాని చాటునున్న నోటిని పగటి వెలుగులో చూసి హడలిపోయిన పంతా భార్య, పండగ వెళ్ళగానే అతణ్ణి డాక్టరమ్మ కుర్చీలో కూలేసి, నోరంతా కొత్తగా కట్టమంది.

కబురు తెలిసి రాదివోయ్ రొప్పుతూ వచ్చిపడ్డాడు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. అన్నీ పీకు, ఆ ముందు పన్ను ఒక్కటీ వదిలెయ్."

డాక్టరమ్మ సరేనంది. పగవాడైనా తన పంటి కోసం ఇంత తపించాడని పంతా కళ్ళు చెమర్చాయి. రాదివోయ్ మాత్రం, ఆ పంటితో అక్రోటు కాయలు కొరకనివ్వొద్దని పంతా భార్యకు చెప్పి మరీ ఇంటికి వెళ్ళాడు.